నాయన బావిలో అల్యూమినియం ట్యాంకు

నంద్యాలలో మాకు రంగుచేపల అంగడి ఉంది. చేపల్ని గాజు తొట్టి బయట నిలబడి చూసి చూసి, ఒకసారి వాటి మధ్యకే పోయి చూడాలన్న పిచ్చి మా ఆయనకు పట్టింది. ఆయన నుంచి నాకూ అంటుకుంది. పోయినేడు పుదుచ్చేరిలో ఇద్దరం స్కూబా, అంటే వీపుకు గాలి ట్యాంకు కట్టుకొని నీళ్లలో దిగడం, నేర్చుకున్నాము. ఆ ఊపులోనే అండమాన్‌కు టికెట్లు కూడా చేసుకున్నాము. పోయేలోపల నేర్చుకున్నది మరిచిపోకుండా ఒకసారి దిగి చూసుకోవాలనుకున్నాము. నంద్యాల పక్కన సముద్రం యాడుంది? ఆళ్లగడ్డ దగ్గర మా నాయన అరటితోటలో పెద్ద బావి ఉంది. కాలవకు నీళ్లొదిలిన కాలంలో అది ఏడు నిలువుల లోతు నిండుతుంది.

ట్యాంకులు చెన్నైలో అద్దెకు దొరికినాయి. అంగడాయన రెండు రకాలు చూపించినాడట. ఒకటి ఉక్కుది, ఒకటి అల్యూమినియంది. చేత్తో ఎత్తి చూస్తే రెండూ ఇంచుమించు ఒకే బరువు. "తేడా నీళ్లలో తెలుస్తుంది, ఉక్కుది ఖాళీ అయినా మునుగుతుంది, అల్యూమినియంది గాలి అయిపోయే కొద్దీ తేలుతుంది" అని ఆయన చెప్పినాడట. మా ఆయన విన్నాడు, తల ఊపినాడు, తలా ఒక రకం తెచ్చినాడు. అండమాన్‌లో అల్యూమినియంవే ఇస్తారు కాబట్టి దాన్ని నాకిచ్చినాడు. నాకే సాధన ఎక్కువ కావాలని ఆయన లెక్క.

ఆళ్లగడ్డ బస్సులో కండక్టర్ మమ్మల్ని ఎక్కనిస్తేనా!

"ఏందప్పా అవి? గ్యాస్ బండలా?"

"గాలన్నా. ఉత్త గాలి."

"గాలికి అంత ఇనుము ఎందుకు? దించు, దించు."

చివరికి నాయన తెలిసినవాళ్ల ఆటో పంపించినాడు. దారి పొడుగునా ట్యాంకులకు ఎండ తగలకుండా తడి గోనెపట్టలు కప్పుకొని పోయినాము.

బావిలోకి రాతిమెట్లు ఉన్నాయి. మెట్లకు ఎదురుగా, నీళ్లకు కొంచెం కింద, పాత మోటారు కూర్చోబెట్టిన ఇనుప దూలం ఒకటి అడ్డంగా ఉంది. దానికి నైలాన్ తాళ్లు ఇంకా వేలాడుతాండాయి. ఆ పక్కకు పోకూడదని ముందే అనుకున్నాము.

ఇంక బరువు చూసుకోవాలి. మనిషి ఒళ్లు, ఒంటిమీది రబ్బరు బట్ట, ఇవన్నీ నీళ్లలో పైకి తేలతాయి. అందుకే నడుముకు సీసపు దిమ్మెలు కట్టుకొని దిగుతారు. వెచ్చటి నీళ్లకు పలచని బట్ట చాలు, కాబట్టి సీసం తక్కువ పడుతుంది. సముద్రంలో నాకు ఆరు కేజీలు కట్టినారు. బావిది మంచినీళ్లు, ఉప్పునీళ్లంతగా తేల్చవు. ఇంకా తగ్గించాలి. మెట్ల దగ్గర నిండు ట్యాంకుతో నిలబడి, సగం ఊపిరి పట్టి చూసినాను. నీళ్లు కళ్ల దాకా వచ్చి ఆగినాయి. ఊపిరి వదిలితే మెల్లగా మునిగినాను.

"సరిపోయింది" అన్నాడు మా ఆయన. "ఎంత తక్కువ సీసం కడితే అంత బాగా డైవింగ్ వచ్చినట్టు." నా బెల్టుకు రెండు కేజీలే మిగిలినాయి.

నాయన పై మెట్టు మీద కూర్చోని చూస్తాండాడు. "పాపా, పైకి రావాలంటే తాడేమైనా లాగాల్నా?"

"వద్దు నాయనా. మేమే వస్తాము."

దిగినాము. పచ్చటి నీళ్లు. చెయ్యి చాపితే వేళ్లు కనపడేంత వెలుతురు. అడుగున బురద లేవకుండా ఆగినాము, కళ్లద్దాల్లో నీళ్లు నింపుకొని ముక్కుతో ఊదేసినాము, కదలకుండా నీళ్లలో వేలాడినాము. అంతా బాగానే జరుగుతాండింది. భయానికో ఏమో నేను గాలి ఎక్కువ తాగుతాండా. ట్యాంకులో గాలి ఎంతుందో చూపించే మీటర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తాండాది. పైకి పోదామని బొటనవేలు చూపించినాను. పైకొచ్చే దారిలో, లోతులో ఒంట్లో చేరిన గాలి మెల్లగా బయటపడేదానికి, మూడు నిలువుల లోతు దగ్గర కొంచెం సేపు ఆగాలి.

అక్కడే తేడా తెలిసింది. ఆగుదామంటే నా ఒళ్లు ఆగలేదు. తేలేదానికి గాలి నింపుకునే జాకెట్ ఒంటిమీద ఉంది, దాంట్లో గాలంతా వదిలినాను. అయినా పైకి పోతాండా. వీపు మీది ట్యాంకు ఎవరో పట్టి లాగుతున్నట్టు అడుగువైపు నుంచి పైకి లేస్తాండాది. కాళ్లు కొట్టి కిందికి దిగబోతే పక్కకు జరిగినాను. మా ఆయన కనిపించలేదు. ఒక్కసారిగా తల వెనక టంగుమని శబ్దమైంది. దూలం.

పక్కకు తప్పుకోబోయినాను. కదల్లేకపోయినాను. ట్యాంకు మూతికి తాడు చుట్టుకునింది. నీళ్ల పైభాగం చెయ్యెత్తితే అందేంత దగ్గర్లో మెరుస్తాండాది, నేను మాత్రం దూలం కిందనే ఇరుక్కున్నా. తాడు ఊడాలంటే కొంచెం కిందికి దిగాలి. దిగలేను. నా ట్యాంకే నన్ను దూలానికి నొక్కిపెడతాండాది.

భయమేస్తే ఊపిరి ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. పీల్చడమే తప్ప వదలడం లేదు. నిండిన రొమ్ము నన్ను ఇంకా పైకి నొక్కింది. పీల్చేకొద్దీ నోట్లోని గాలిగొట్టం బిగుసుకుంటాండాది. ముల్లు చూసే ధైర్యం లేకపోయింది.

చీలమండ మీద చెయ్యి పడింది. మా ఆయన. నా ముఖానికి ఎదురుగా వచ్చి ముందు తన జాకెట్‌కు తగిలించుకున్న రెండో గాలిగొట్టం నా నోటికిచ్చినాడు. నా భుజం గట్టిగా పట్టుకొని, తన నోటి ముందు చెయ్యి పెట్టి మెల్లగా బయటికి తోసి చూపించినాడు. వదులు. ఊపిరి వదులు. వదిలినాను. కొంచెం కిందికి జారినాను, మళ్లీ పీల్చగానే పైకి.

అప్పుడాయన నడుము తడుముకొని తన బెల్టులో నుంచి కేజీ సీసపు దిమ్మె ఒకటి ఊడబీకి నా చేతిలో పెట్టినాడు. ఉక్కు ట్యాంకు కాబట్టి ఆయనకు అది లేకపోయినా జరుగుతుంది. రెండు చేతులతో దాన్ని కడుపుకు హత్తుకొని, కళ్లు మూసుకొని, ఉన్న ఊపిరంతా వదిలినాను. వీపు దూలాన్ని వదిలింది. తాడు సడలింది. ఆయన చెయ్యి నా తల వెనక ఏదో లాగింది. ఇద్దరం జారుకుంటూ కిందికి పోయి, మెట్లవైపుకు తిరిగి పైకొచ్చినాము.

తల బయట పెట్టేసరికి నాయన చొక్కా విప్పి, నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. దూలం దగ్గరే బుడగలు వస్తాండేది చూసి దూకబోతాండాడు.

"ఏందప్పా ఇది?" అన్నాడు మా ఆయన్ను చూసి. "అల్లునివని ఊరుకుంటాండా. నా బిడ్డను బావిలో దించి చూసుకోలేవా?"

మా ఆయన నా వీపు మీది ట్యాంకు విప్పినాడు. మెట్టు మీద కూర్చోని ట్యాంకు వైపే చూస్తాండిపోయినాడు.

నంద్యాలకొచ్చినాక ఇద్దరం బాగా కొట్లాడుకున్నాము. "పైన సరిపోయింది కదా మే" అంటాడు ఆయన. "నిండు ట్యాంకుతో సరిపోయింది. ఖాళీ అయితే ఏమైతుందో చూసినామా?" అన్నాను. పుదుచ్చేరి గురువుకు ఫోన్ చేస్తే ఆయన అదే చెప్పినాడు. ట్యాంకులో నింపిన గాలికే రెండు కేజీల పైన బరువుంటుంది. దిగినాక ఆ బరువంతా పీల్చేస్తాము. ఉక్కు ట్యాంకుకైనా అంతే, కానీ అది అప్పటికీ మునిగే ఉంటుంది కాబట్టి అంత సీసం కట్టుకోనక్కరలేదు. ఏ ట్యాంకైనా డైవ్ అయిపోయేటప్పుడు, గాలి తక్కువున్నప్పుడు నిలబడగలిగేంత బరువు కట్టుకోవాల.

రెండు వారాలు అంగడిలో తొట్ల మోటార్ల బుడగల శబ్దం వింటేనే లేచి వీధిలోకి పోయేదాన్ని. టికెట్లు రద్దు చేద్దామని మా ఆయనే అన్నాడు. నేనొప్పుకోలేదు. భయం పోయి కాదు. ఆ దూలం కిందనే నా డైవింగ్ ముగిసిపోవడం నాకిష్టం లేదు.

మళ్లీ బావికి పోయినాము. నాయన అప్పటికే మనిషిని పెట్టి తాళ్లన్నీ కోయించి, దూలం కూడా కోసి తీయించినాడు. ఈసారి గాలి బాగా తగ్గిన ట్యాంకుతో, మెట్ల పక్కనే, నాయన కళ్ల ముందరే నిలబడి చూసుకున్నాను. ముందటి రెండు కేజీల మీద ఒక దిమ్మె కడితే చాల్లేదు. ఇంకొకటి కట్టుకున్నాను. మామూలు ఊపిరికి నీళ్లు కళ్ల దాకా వచ్చి నిలిచినాయి. తర్వాత మూడు నిలువుల లోతుకు దిగి, మెట్ల రాళ్లను పట్టుకోకుండా, ముల్లు ఎర్రగీత చేరేదాకా కదలకుండా ఉన్నాను.

అండమాన్‌లో ఉప్పునీళ్లకు సరిపడా ఇంకా రెండు దిమ్మెలు అడిగి కట్టించుకున్నాను. అక్కడి గైడు నవ్వి, "వెచ్చటి నీళ్లకు ఇంత ఎందుకమ్మా?" అన్నాడు. "కడపటికి చూడు" అన్నాను. డైవ్ చివర్లో, పైకొచ్చే ముందు ఆగాల్సిన చోట, మా ఆయన నిమిషానికోసారి నా వైపు తిరిగి చూస్తాండాడు. ఒక చిలకచేప నా మోకాలి పక్కన పగడాన్ని కొరుకుతా ఉండింది. ఆ కొరికే శబ్దం కూడా వినపడేంత నిదానంగా నేను ఊపిరి వదులుతాండా.