కింద పెట్టేశారు

మా అత్తవారి ఊళ్లో, పట్నంలోని ధర్మాసుపత్రి గురించి అందరికీ ఒక సంగతి తెలుసు. బతికేవాళ్లను మంచం మీద ఉంచుతారు, బతకరని తేలినవాళ్లను కింద పెట్టేస్తారు. ఇంట్లోనైనా అంతే కదా, ప్రాణం పోయే ముందు మనిషిని మంచం మీంచి దించుతాం. ఆ ఘడియ డాక్టర్లకు ముందే తెలిసిపోతుందట. నేను కాలేజీలో చదువుకున్నదాన్ని. మొదట విన్నప్పుడు నవ్వాను.

ఈ వానాకాలంలో మా రెండేళ్ల బాబుకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. రెండోరోజు పొద్దుటికి కళ్లు గుంటలు పడ్డాయి. ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. మా ఆయన క్యాంపులో ఉన్నారు. నేనూ అత్తగారూ బస్సెక్కి, నాగావళి దాటి పట్నం చేరాం.

"ఒద్దే, నా మాటిను," అంటూనే ఉన్నారావిడ దారంతా. "ధర్మానికిచ్చీ మందులో ఏటుంటాది? రంగునీళ్లే."

ముందు ఆవిడ చెప్పిన ప్రైవేటు డాక్టరు దగ్గరికే వెళ్లాం. ఆయన పిల్లాడి పొట్ట మీది చర్మం వేళ్లతో లాగి చూసి, వెంటనే ధర్మాసుపత్రికి తీసుకెళ్లమన్నాడు.

పిల్లల వార్డులో మంచాలు ఖాళీగానే ఉన్నాయి. అయినా నర్సమ్మ బాబుని కిటికీ కింద చాప మీద పడుకోబెట్టింది. అప్పటికే అక్కడ వరసగా నలుగురు పిల్లలున్నారు. ప్రతివాడి చీలమండ దగ్గరా ఒక సూది, కిటికీ ఊసకి కట్టిన ఒక సీసా. బాబుకీ అలాగే పెట్టింది. ఒక్క పిల్లాడూ ఏడవడం లేదు. అత్తగారు ఖాళీ మంచాల వంకా, చాపల వంకా చూసి, నా భుజం గట్టిగా పట్టుకున్నారు.

మధ్యాహ్నం మబ్బులు కమ్మి, వాన పట్టి, గది చీకటైపోయింది. కరెంటు పోయింది. నర్సమ్మ ఒక లాంతరు వెలిగించి తెచ్చి, బాబు తల పక్కన పెట్టింది.

"ఓలమ్మో! తలకాడ దీపం కూడా ఎట్టీసినారే!" అని గొల్లుమన్నారు అత్తగారు.

సూది పీకడానికి చెయ్యి చాపింది ఆవిడ కాదు, నేను. నర్సమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఏటమ్మా, సదువుకున్నదానివి! సీసాకి స్టాండు నేదు, కిటికీకే కట్టాల. మంచం మీదెడితే సీసా, పిల్లడూ ఒక్క ఎత్తులో ఉంటారు. నీళ్లు పల్లానికి దిగుతాయా, మిట్టకెక్కుతాయా? దీపం సుక్కలు సూసుకోడానికి. ఆ ముసలమ్మని బయట కూకోబెట్టు."

నేను సిగ్గుపడి కూర్చున్నాను. కాని కళ్లు చుక్కల మీద నిలవలేదు, వాడి ఛాతీ మీదే ఉన్నాయి. వాన వెలిశాక వాడి కింద చాప వెచ్చగా తడిసింది. నర్సమ్మ వంగి చూసి పకపకా నవ్వింది. "ఉచ్చ పోసీసినాడు! ఒంట్లో నీరు నిలిచినాది, ఇంక నీకు బెంగ నేదు."

మూడోరోజు ఇంటికొచ్చాం. సాయంత్రానికల్లా అత్తగారి మాట ఊరంతా పాకింది: మా మనవణ్ణి కింద పెట్టీసినారు, తలకాడ దీపమెట్టీసినారు, అయినా తిరిగొచ్చినాడు. నేను సీసా గురించీ, ఎత్తు గురించీ ఎంత చెప్పినా, "నీకు తెలీదులే పిల్లా" అన్నారు. ఆడవాళ్లు వచ్చి వాణ్ణి తాకి చూసి వెళ్లేవారు.

నిన్న మిట్టమధ్యాహ్నం పక్క వీధి కోడలు ఒకామె వచ్చింది. అదే జబ్బుతో ఆమె పాప ఇదే వానాకాలంలో పోయింది. కింద పెట్టేస్తారన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. వచ్చి బాబు ముందు గొంతుక్కూర్చుంది.

"ఒరే బాబూ, అక్కడ మా పాపని సూసినావా?"

ఏది అడిగినా తలూపే వయసు వాడిది. ఊపాడు.

ఆమె నా వైపు తిరిగి చూసింది. చెప్పాలి. వాడు ఎక్కడికీ వెళ్లలేదని, సీసాలోది ఉప్పునీళ్లని చెప్పాలి. చెబితే, ఆ నీళ్లు మీ పాపకీ ఎక్కించేవారని కూడా చెప్పినట్టే. నేను వంగి వాడి జుట్టు సర్దాను.

"బాగున్నాదా?" అని అడిగింది వాణ్ణి.

మళ్లీ తలూపాడు.