పడమటి మూల రెండు సెంట్లు

పరిటాల దాటి రెండు ఫర్లాంగులు పోయాక బస్సు వెనక చక్రంలో గాలి పోయింది. 1979 వేసవి, ఒక ఆదివారం. జాకీ ఎవరు మర్చిపోయారన్న విషయం మీద డ్రైవరూ కండక్టరూ తగువులాడుకుంటుంటే, జనం దిగి ఎక్కడ కాస్త నీడ దొరికితే అక్కడ చతికిలబడ్డారు. నందిగామ కాలేజీలో చరిత్ర చెప్పే ప్రమీలారాణి రోడ్డు పక్క కంకర గుట్ట మీద రుమాలు పరుచుకుని, బెజవాడలో అరువు తెచ్చుకున్న పుస్తకం తెరిచింది. పేజీ నిండా ఒక నల్లరాయి ఫొటో. పైన నెలవంక, నక్షత్రం, సూర్యబింబం. వాటి కింద కొమ్ముల కిరీటాలు పెట్టిన పీటలు, మేక తలా చేప తోకా ఉన్న జంతువు, ఒక తేలు, చుట్టూ పాము.

"ఆ హద్దురాయి ఎక్కడిదమ్మా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

బక్కపలచటి పెద్దమనిషి. చంకలో గొడుగు, భుజానికి గుడ్డసంచి, సంచిలోంచి స్టాంపు కాగితాల చివర్లు కనిపిస్తున్నాయి.

"బాబిలోనుదండీ. ఇరాకు దేశం. మూడువేల ఏళ్ళ కిందటిది. హద్దురాయని ఎట్లా తెలిసింది మీకు?"

"ముప్పయ్యేళ్ళనుంచి హద్దులే రాస్తున్నానమ్మా. జగ్గయ్యపేట రిజిస్ట్రారాఫీసు వరండాలో కూర్చుంటా. పేరు దశరథరామయ్య." ఆయన వంగి బొమ్మకేసి వేలు చూపించాడు. "చంద్రుడు, తార, సూర్యుడు. ఆచంద్రతారార్కం. ఇచ్చిన భూమి అవి ఉన్నంతకాలం చెల్లుతుందని గడువు రాసాడు. అక్షరం రాక బొమ్మేసుకున్నాడు పాపం."

"వాళ్ళకి అక్షరాలున్నాయండీ. రాయి కిందంతా రాతే."

"మరి రెండూ ఎందుకు?"

రెండేళ్ళుగా ప్రమీలారాణి సిద్ధాంతవ్యాసం ఆగిపోయింది ఆ ప్రశ్న దగ్గరే. ఆ గుర్తులు ఒక్కొక్కటీ ఒక్కో దేవుడివని పండితులు తేల్చారు. నెలవంక సిన్ అనే చంద్రదేవుడు, బింబం షమష్ అనే సూర్యుడు, నక్షత్రం ఇష్తార్ అనే దేవత. దేవుళ్ళ కొలువని ఒకరన్నారు, ఆకాశపటమని ఒకరన్నారు. గడువని మాత్రం ఎవరూ అనలేదు.

"ఆ తేలెవరమ్మా?"

"ఇష్‌ఖర అనే దేవత గుర్తంటారు."

"మా వైపు కూడా హద్దురాయి ఎత్తితే కింద ఆవిడే ఉంటుంది," అన్నాడు దశరథరామయ్య నవ్వకుండా.

దారులు పట్టి తిరిగినవాళ్ళకి తెలుసు, హద్దు దగ్గర పుట్టినవాడి చూపు వేరుగా ఉంటుంది. జగ్గయ్యపేట అవతల కాస్త దూరం పోతే ఒకప్పుడు నైజాం. ఇటు బెల్లం అటు తీసుకుపోతే సుంకం, అటు మేక ఇటొస్తే తగాదా. రాజ్యాలు రెండూ పోయాయి. తుమ్మపొదల్లో ఆనాటి రాళ్ళు మాత్రం పక్కకి ఒరిగి ఇంకా ఉన్నాయి. ఆ పేటలోనే గుట్ట మీద ఒక బౌద్ధస్తూపం ఉండేది. దాని పలకలు మదరాసు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఊళ్ళో వాళ్ళకి మిగిలింది దిబ్బ.

దశరథరామయ్యకి తల్లి మూడో ఏట పోయింది. పెంచింది అక్క రత్తమ్మ, పన్నెండేళ్ళ పెద్ద. అత్తారింటికి వెళ్ళేటప్పుడు తమ్ముణ్ణి వెంట తీసుకుపోయింది. మగ్గిన జొన్నల బస్తా పక్కన లాంతరు పెట్టి, వాడు అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని ఊ కొట్టేది. తను మాత్రం ఒక్క అక్షరమూ నేర్చుకోలేదు. "ఇంటికొక్కడు చదివితే చాల్లే, ఇద్దరం చదివితే గేదెని ఎవరు పిండుతారు" అనేది. భర్త పోయినప్పుడు ఆయన్ని చేలోనే, పడమటి మూల సమాధి చేసారు. రత్తమ్మ అత్తారి ఊరి పేరు ఇప్పుడు ఏ బస్సు బోర్డు మీదా కనిపించదు. కింద సున్నపురాయి ఉందని తెలిసాక సిమెంటు కంపెనీ ఒకటి చేలన్నీ కొనేసింది. దుమ్ముకి పైరు నిలవలేదు, పేలుళ్ళకి గోడలు నిలవలేదు, జనం లేచిపోయారు. రత్తమ్మ కూడా 1974లో తన చేను కంపెనీకి అమ్మి, పేటలో తమ్ముడి ఇంటికి చేరింది.

ఆ ఆదివారం మొదలు ప్రమీలారాణి తరచు జగ్గయ్యపేట బస్సెక్కేది. ఆమె ఇంగ్లీషు చదివి తెలుగు చెప్పడం, ఆయన కళ్ళు మూసుకుని వినడం. ఒకసారి ఎరిదు అనే ఊరి సంగతి వచ్చింది. లోకంలో మొట్టమొదటి ఊరని ఆ దేశస్థులే రాసుకున్న ఊరు. నది పక్కకి జరిగిపోయింది, ఇసక కమ్మేసింది, దీపం పెట్టే దిక్కు లేకుండా పోయింది. అయినా ఆ ఊరి దేవుడైన ఏయాని, ఆ మేకచేప గుర్తుతో, వందల ఏళ్ళ తర్వాత కూడా హద్దురాళ్ళ మీద చెక్కుతూనే ఉన్నారు. ఊరు లేని దేవుడు దస్తావేజులో ఎందుకు?

"ఊరు పోతే దేవుడు చెల్లడా ఏంటి," అంది రత్తమ్మ వంటింట్లోంచి. "పంతులమ్మా, వాళ్ళకి ఇప్పుడు నైవేద్యం ఎవరు పెడుతున్నారు?"

"ఎవరూ పెట్టట్లేదండీ. కొలిచేవాళ్ళే లేరు."

"అయ్యో. మూడువేల ఏళ్ళనుంచి పస్తులా?"

ఆ పూట విస్తరి అంచున మూడు ముద్దలు విడిగా పెట్టింది, చంద్రుడికొకటి, సూర్యుడికొకటి, నక్షత్రం గుర్తున్న ఆ ఆడకూతురికొకటి. అప్పట్నించి అదే అలవాటు. "మేకచేపకి లేదా అక్కా?" అని తమ్ముడు ఎగతాళి చేస్తే, "అది చేపో మేకో తేల్చుకుని రమ్మను, అప్పుడు వండుతా" అనేది.

ప్రమీలారాణి గడువు సంగతినే వ్యాసంగా రాసి ఒక పత్రికకి పంపింది. కింద దశరథరామయ్యకి కృతజ్ఞత చెప్పింది. ఆయన ఆ అచ్చుకాగితం మడిచి స్టాంపు కాగితాల మధ్య దాచుకున్నాడు.

1984లో కంపెనీ సున్నపురాయి క్వారీ పడమటికి జరిగింది. ఒకరోజు పొద్దున్న పేలుడులో సమాధి లేచిపోయింది. రత్తమ్మ ఏడవలేదు. నందిగామ కోర్టులో దావా వేసింది. ఆమె మాట ఒకటే: "పడమటి మూల రెండు సెంట్లు, సమాధితో సహా, వదిలి రాయమన్నా. అట్లాగే రాసాడు మా తమ్ముడు. చదివి వినిపిస్తే విని వేలిముద్ర వేసా." ఆఫీసునుంచి నకలు తీయిస్తే అందులో ఆ వాక్యం లేదు. "అది దొంగ నకలు," అంది రత్తమ్మ. "మా తమ్ముడు రాసింది వేరే. వాడొచ్చి సాక్ష్యం చెప్తాడు."

రెండేళ్ళు వాయిదాలు నడిచాయి. ఇక సాక్ష్యం వారంలో ఉందనగా, ప్రమీలారాణి కొత్త పుస్తకంతో వచ్చి ఆ రాళ్ళ చివర ఉండే శాపాలు చదివింది. హద్దు జరిపినవాడి ఒంటికి నీరు పట్టుగాక, ఇంటికి వారసుడు లేకపోవుగాక. ఇంకో మాట కూడా ఉంది. తన చేత్తో కదిలించకుండా ఒక గుడ్డివాణ్ణో, చెవిటివాణ్ణో, ఏమీ తెలియని అమాయకుణ్ణో ముందుపెట్టి వాడిచేత రాయి ఎత్తించినవాడికి కూడా అదే శాపం.

"అట్లాంటివాళ్ళు కూడా ఉంటారా?" అంది రత్తమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ. "తెలియనివాళ్ళచేత చేయించడం. పాపం కదూ."

దశరథరామయ్య లేచి, బస్టాండు దాకా దిగబెడతానన్నాడు. ఎప్పుడూ లేనిది గొడుగు తెరవకుండా ఎండలో నడిచాడు. సున్నం బట్టీల దగ్గరికి వచ్చాక ఆగాడు.

"ఆ మాట నేను చదివానమ్మా. రాయలా."

ప్రమీలారాణికి వెంటనే అర్థం కాలేదు.

"మూల వదిలితే మొత్తం వద్దన్నాడు కంపెనీ మనిషి. చుట్టూ చేలన్నీ పోయాయి, మూల పోతే అమ్మనని అక్క ఆ దుమ్ములో ఒక్కతే ఉంటానంటుంది. వదలకుండా రాసా. చదివి వినిపించేటప్పుడు కాగితం చూస్తూనే పడమటి మూల రెండు సెంట్లు మినహాయించి అని చదివా. లేని వాక్యం. ఆవిడ విని వేలు చాపింది. అటు క్వారీ వచ్చేసరికి ఇరవయ్యేళ్ళన్నా పడుతుంది, అక్క ఉన్నంతకాలం గడిస్తే చాలనుకున్నా."

దస్తావేజులన్నిటి చివరా ఉండే మాట, 'చదివించుకొని విని ఒప్పుకొని నిశానీ చేసినాను' అన్నది, రిజిస్ట్రారాఫీసుల వరండాల్లో ఎన్ని వేలసార్లు రాస్తారో. దాన్ని ఎవరూ పట్టించుకోరు. రాసినవాడి మీద నమ్మకం తప్ప ఆ మాట వెనక ఇంకేమీ ఉండదు.

"ముందే చెప్పెయ్యండి రామయ్యగారూ, ఇంట్లోనే. కోర్టులో వినకూడదు ఆవిడ."

"చెప్తా," అన్నాడాయన. బస్సు కదిలాక కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి, "మీ వ్యాసంలో ఆ సంగతి తీసెయ్యండమ్మా. గడువు కాదది. నాక్కావలసింది గడువు, అందుకని నాకట్లా కనపడింది. ఆ దేవుళ్ళు సాక్షులు. ఊరు పోయినా, రాసినవాడు పోయినా విన్నది మర్చిపోనివాళ్ళని పైన కూర్చోబెట్టుకున్నారు. అందుకే ఆ మేకచేప కూడా ఉంది," అన్నాడు.

ఆమె ఆ రాత్రే పత్రికకి సవరణ రాసింది.

వారం రోజులూ ఆయన చెప్పలేదు. చెప్పబోయాడని తర్వాత రత్తమ్మ మాటల్లోనే తెలిసింది: "నాలుగురోజులుగా అక్కా అని పిలుస్తాడు, ఏంరా అంటే మంచినీళ్ళంటాడు. ఎన్ని నీళ్ళు తాగుతాడని." వాయిదా రోజు పొద్దున్న బస్సులో పక్కపక్కనే కూర్చుని నందిగామ వచ్చారు. అప్పటికీ చెప్పలేదు.

ప్రమీలారాణి సెలవు పెట్టి వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. బోనులో దశరథరామయ్యకి దస్తావేజు చూపించి, రాత మీదేనా అని అడిగారు. నాదే అన్నాడు. రత్తమ్మ తరఫు కుర్ర వకీలు ధీమాగా, మినహాయింపు వాక్యం ఉన్న అసలు కాగితం వేరే ఉందా అని అడిగాడు.

"లేదు బాబూ. ఇదే అసలు. ఆ వాక్యం నేను చదివాను, రాయలేదు."

కంపెనీ వకీలు కూడా తల ఎత్తాడు. రత్తమ్మ లేచి నిలబడింది.

"వాణ్ణెవరో బెదిరించారు బాబూ," అంది మున్సిఫ్‌గారితో. "వాడు లేంది చదివే రకం కాదు. నేను పక్కన కూర్చుని చదివించా వాణ్ణి."

"అక్కా," అన్నాడాయన, ఆమెకేసి చూడకుండా. "చదివా. రాయలా."

బంట్రోతు కూర్చోమంటే కూర్చుంది.

మధ్యాహ్నం బస్టాండు బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. రత్తమ్మ సంచిలోంచి రెండు పొట్లాలు తీసింది, పొద్దున్నే కట్టుకొచ్చిన పెరుగన్నం. ఒకటి విప్పి తమ్ముడి ఒళ్ళో పెట్టింది. రెండోది విప్పుకుని, మామూలుగానే అంచున మూడు ముద్దలు విడిగా పెట్టింది.

"ఆ రోజు నువ్వు చదివింది నేను విన్నారా," అంది, అన్నంకేసి చూస్తూ. "పడమటి మూల రెండు సెంట్లు. వీళ్ళు సాక్షులని మొన్న పంతులమ్మతో అన్నావంటగా. అయితే వీళ్ళూ వినే ఉంటారు. కాగితంలో లేకపోతే పోనీలే. తిను."

దశరథరామయ్య ముద్ద కలిపాడు. నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ ఆకులో పెట్టాడు. పొట్లం జాగ్రత్తగా మడిచి బెంచీ మీద పెట్టి, చెయ్యి కడుక్కోవడానికన్నట్టు లేచాడు. కుళాయి దగ్గర ఆగలేదు.

"టీ తాగొస్తాడు," అంది రత్తమ్మ. "పొద్దుటినుంచీ ఏం తాగలా."

ఆయన టీ కొట్టు దాటాడు. జగ్గయ్యపేట బస్సు ఆగే చోటు దాటాడు. ప్రమీలారాణి లేవబోతే రత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, తమ్ముడి పొట్లం మీద ఈగలు వాలకుండా కొంగు కప్పింది. రోడ్డెక్కిన మనిషి పేట దారి కాదని మున్నేరు ఏటి వైపు తిరిగి, లారీల దుమ్ములో తల వంచుకుని నడిచిపోతున్నాడు, వెనక్కి చూడకుండా.