కిటికీ మీది గూడబాతు

పోయిన వేసవిలో ఏలూరులో తాడేపల్లిగూడెం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పెద్దావిడ ఒకరు వచ్చి, "ఏవండీ, కాస్త నన్ను కిటికీ వైపు కూర్చోనిస్తారా?" అని అడిగారు. జరిగాను. ఆవిడ అద్దం పూర్తిగా వెనక్కి తోసి, గాలికి మొహం పెట్టి కళ్ళు మూసుకున్నారు.

"ఇంట్లో గాలాడదండీ," అన్నారు కాసేపటికి. "మా వీధిలో గోడలన్నిటికీ బొమ్మలేయించారు. మా ఇంటికి కొల్లేటి గూడబాతు వచ్చింది. ఎంత బాగుందో! దాని మెడ కిటికీ తలుపుల మీదుగా వెళ్తుందండీ. తలుపులు తీస్తే మెడ రెండు ముక్కలైపోద్ది."

"అందుకని అసలు తియ్యరా?"

"మూసి ఉంచమని మేడంగారు మా కోడలికి చెప్పి వెళ్ళారంటండీ."

ఆ వీధికి బొమ్మలు ఎంచి, గోడలు చూసి వేయించిన మేడంగారిని నేనే. ఫొటో తీసేంతసేపు మూయమన్నాను. ఫొటో బాగా వచ్చింది, కనపడిన వాళ్ళందరికీ చూపించుకున్నాను. మళ్ళీ తెరుచుకోండని చెప్పాలని మాత్రం నాకు తట్టలేదు.

"తెరుచుకోండమ్మా, ఏం కాదు," అన్నాను తల వంచుకుని.

"అమ్మో, ఆవిడ నొచ్చుకుంటారండీ. పాపం, ఎండలో నిలబడి మరీ వేయించారంట."



గుండుగొలనులో దిగబోతూ ఆవిడ నా చెయ్యి తట్టారు.

"మీ గాలంతా నేనే తీసేసుకున్నాను. ఏమనుకోకండేం?"