గుండూ, పాస్‌పోర్టు ఫొటో

తిరుపతిలో మా వీధి సగం కువైట్‌కు విమానమెక్కిందంటే అది నా టైపు మిషను చలవే. ఈ మాట చాలామందికి చెప్పాను. సగం వీధి కాదు, సరిగ్గా లెక్కపెడితే ముగ్గురు. అందులో ఇద్దరి ఫారాలు నేను తప్పుల తడకగా కొట్టి ఇస్తే వాళ్లు ఇంకోచోట మళ్లీ కొట్టించుకున్నారు. మిగిలింది ఒక్కామె.

చంద్రగిరి నుంచి వచ్చి మా వీధి హోటల్లో దోసెపిండి రుబ్బేది. కువైట్‌లో ఉన్న చెల్లెలు తన యజమానితో చెప్పి ఆమెకు వంటపని వీసా పంపించింది. ఎనభైల మొదట్లో మా వైపు దారి అలాగే పడేది. ముందు వెళ్లినవాళ్లు వెనకవాళ్లను లాక్కునేవారు. పాస్‌పోర్టు ఫారం నేనే నింపాను. పాస్‌పోర్టు వచ్చింది.

"మొక్కుకున్నా గదన్నా. కొండకు పొయ్యి గుండు కొట్టించుకోనొస్తా" అంది.

"పొయ్యిరామ్మా. సామి కంటే పెద్దాఫీసరు ఎవురుండారు?" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

ఫొటోలో ఆమెకు ముందుకు వేసుకున్న బారెడు జడ. మద్రాసులో, విదేశాలకు పనికి పోయేవాళ్ల కాగితాలకు ముద్ర వేసే ఆఫీసులో, ఆమె గుండుతో నిలబడింది. గుమాస్తా ఫొటోను చూశాడు, ఆమెను చూశాడు, ఇది నువ్వు కాదు పొమ్మన్నాడు. వీసా గడువు ఇంక నాలుగు రోజులే. హోటల్లో ఆమె పని అప్పటికే వేరొకరికి ఇచ్చేశారు.

ఆ గుమాస్తాతో ఇంగ్లీషులో వాదించి గెలిచానని చెప్పుకునేవాణ్ని. నిజానికి తోడు వెళ్లిన నన్ను గుమ్మం దాటనివ్వలేదు. మెట్ల మీద కూర్చుని, పొయ్యిరా అన్న నా నోటిని తిట్టుకున్నాను. పేరు, ఊరు, తండ్రి పేరు అన్నీ నేనే టైపు చేశాను. అవేవీ ఆమెను ఆమె అని చెప్పలేకపోయాయి.

లోపల ఆమె ఒక కాగితం అడిగి సంతకం పెట్టిందట. పాస్‌పోర్టులో ఉన్నట్టే వంకర అక్షరాలు, చివరిదాని కొమ్ము మరీ పొడుగు. అతను మళ్లీ మళ్లీ పెట్టించాడు. ప్రతిసారీ అదే వంకర, అదే కొమ్ము. ముద్ర పడింది.

మొన్న ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు, ఆ సంతకం దిద్దించింది నేనేనని మనవళ్లకు చెబుతున్నాను. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"నువ్వు యాడ దిద్దిచ్చినావన్నా? నీకు రాతెందుకు, ఏలిముద్ర సాల్లే అన్నావు. పలక పట్టుకోని కూసోబెట్టింది వదిన."