ఆ చేతులు ఏ మతానివో రాసివ్వండి

జూలై, పీర్ల పండుగ తరువాతి శుక్రవారం. నమాజు ముగిశాక మసీదు కమిటీ పెద్ద ఒక కాగితం చదివాడు. పీర్లకు బెల్లం మలీదా పెట్టి పంచేవారు, దర్గాలో మొక్కు చెల్లించేవారు ముస్లింలు కారని ఎక్కడో పండితులు ఇచ్చిన తీర్పు అది. నకలు అడిగాను. ఇవ్వలేదు.

ఆగస్టు, మొదటి శుక్రవారం. దూది ఏకే వృత్తి నుంచి వచ్చి, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే, పీర్లకు మొక్కే మా దూదేకుల కుటుంబాలు తప్పు ఒప్పుకొని సంతకం పెట్టాలన్నారు. లేకపోతే చనిపోయాక ఖబరస్తానులో చోటు లేదన్నారు. ఆ నియమం రాతలో అడిగాను. ఇవ్వలేదు.

ఆగస్టు, మూడో మంగళవారం, ఉదయం ఏడు గంటలు. నా భార్య చనిపోయింది. పదకొండింటికి ఖబరస్తాను గేటుకు తాళం వేశారు.

నేను ధవళేశ్వరంలో ముప్పై ఏళ్లకు పైగా గోదావరి నీటిమట్టం చూసి పుస్తకంలోకి ఎక్కించినవాణ్ణి. నోటితో చెప్పిన మట్టాన్ని నమ్మి ఎవరూ గేట్లు ఎత్తరు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. నా భార్య మా ఊళ్లో చనిపోయిన ముస్లిం స్త్రీలకు చివరి స్నానం చేయించేది. ఆమెకు చదువు రాదు. ఇంటికొచ్చి తడికొంగు పిండుకుంటూ చెబితే నేను రాసేవాణ్ణి: ఎవరి తల్లి, ఏ రోజు, కఫన్ గుడ్డ ఎవరు తెచ్చారు. రేగాకులు వేసి కాచిన నీళ్ల వాసన ఆమె చేతులను రెండు రోజులు వదిలేది కాదు.

పెళ్లయిన కొత్తలో, భయం వెయ్యదా అని అడిగాను. "బతికున్నప్పుడు ఒక్కత్తీ నా మాట వినదండి. ఇప్పుడైతే ఎటు తిప్పితే అటు తిరుగుద్ది" అంది.

ఆమె కోరిక ఒక్కటే. పుట్టిన తొమ్మిదో రోజున పోయిన మా పాప ఆ ఖబరస్తానులో తూర్పు గోడ వారన ఉంది. ఆ పక్కనే తననూ పెట్టాలి. ఆ చోటును నా చేత కొలిపించింది కూడా.

ఆ మంగళవారం కమిటీ పెద్ద మా గుమ్మం బయటే నిలబడ్డాడు. నా కొడుకు వయసువాడు.

"బాబాయ్, మాదేముందండి, పెద్దల తీర్పు. సంతకం పెట్టేయండి, అరగంటలో గొయ్యి తవ్విస్తాను."

"ఏమని సంతకం?"

"ఇన్నాళ్లూ మీరు మతానికి బయటున్నారని, ఇప్పుడు లోపలికొచ్చారని."

"నేను రావచ్చు. ఆవిడెలా వస్తుంది? ఆవిడ బయటే పోయిందని నా చేత్తో రాసివ్వమంటావా?"

"చావింట్లో ఈ లా పాయింట్లేంటండి?"

"అయితే చోటివ్వనని నువ్వే రాసివ్వు."

అతను జేబులోంచి ఫోను తీశాడు. పొయ్యి మీద నుంచి నీళ్లకాగు దించుతున్న ఎదురింటావిడ, అతనికి మేనత్త వరస, తలెత్తకుండానే అంది: "మీ అమ్మకి నీళ్లు పోసిన రోజున అడిగావేంట్రా, ఈవిడ మనదో కాదో?"

అతను ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు.

నా భార్యకు ఆవిడే స్నానం చేయించింది. మధ్యాహ్నం వ్యానులో వంతెన దాటి, కొవ్వూరు అవతల నా బావమరిది ఊరికి తీసుకెళ్లాం. వానాకాలం, పల్లపు నేల. గొయ్యి తవ్వితే మూడడుగులకే ఊట పడింది. బకెట్లతో తోడుతుంటే గట్టున నిలబడి, అలవాటు కొద్దీ, మట్టం చూశాను. జానెడు. తోడాక నాలుగు వేళ్లు. అంతకంటే తగ్గలేదు. ఆ నీళ్లలోనే దించారు. జనాజా నమాజుకు నిలిచినవారం ఏడుగురం. ఆ రాత కూడా పుస్తకంలో ఉంది.

కమిటీ పెద్దగారికి: మీ తల్లిగారి పేరు నా పుస్తకంలో ఉంది. తేదీ ఉంది. రేగాకులు మీ పెరటి చెట్టువేనని కూడా ఉంది. నా భార్య ముస్లిం కాకపోతే, ఆమె చేతుల మీదుగా శుద్ధి పొంది మీ గోడ లోపల పడుకున్న ఇంతమంది స్త్రీల స్థితి ఏమిటి? ముస్లిమే అయితే, ఆమె తన బిడ్డ పక్కన ఎందుకు లేదు? మట్టి చేసిన మనిషిని కదిలించమని నేను అడగడం లేదు. ఈ రెండు ప్రశ్నలకు, తీర్పు నకలు జతచేసి, కమిటీ సభ్యులందరి సంతకాలతో, తేదీ వేసి, లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నోటిమాటను జవాబుగా స్వీకరించను.