ఇరవైన్నర అంగుళాల బెంచీ

బెంచీ ఎత్తు పద్దెనిమిది అంగుళాలే ఉండాలని ఎవరు నిర్ణయించారో నాకు తెలియదు. నా కాలును అడిగి మాత్రం నిర్ణయించలేదు.

నా ఎడమ కాలికి పోలియో. రెండేళ్ల వయసులో జ్వరం వచ్చింది, తగ్గింది, పోతూ పోతూ కాలి బలాన్ని వెంట తీసుకుపోయింది. బయటికి వెళ్తే కాలిపర్ వేసుకుంటాను. అంటే మడమ ఎత్తు పెంచిన ఒక బూటు, దానికి రెండు పక్కలా తొడ దాకా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర ఒక లాకు. కూర్చుంటే గానీ దాన్ని వేసుకోలేను, తీయలేను. ఇంట్లో అది లేకుండానే, మోకాలి మీద చెయ్యి ఆనించి నడుస్తాను. మిగతా మనుషులు గడప ముందు నిలబడి, మాట్లాడుతూ మాట్లాడుతూనే చెప్పులు విడిచేస్తారు. ఆ పని చేస్తున్నట్టు వాళ్లకే తెలియదు. నాకు అదొక కార్యక్రమం. కూర్చోవాలి, లాకు ఎత్తాలి, పట్టీలు ఊడదీయాలి, ఆ ఇనుమునంతా ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి, లేవాలి.

చిన్నప్పటి నుంచి ఆ కార్యక్రమం మా ఇంటి వెనకే జరిగింది. పాత ఇంటి పెరట్లో బట్టలుతికే బండ ఉండేది. దాని మీద కూర్చుని విప్పుకొని, వంటింట్లోంచి లోపలికి వచ్చేదాన్ని. బడి నుంచి వచ్చినా, కాలేజీ నుంచి వచ్చినా, టీచర్ ఉద్యోగం వచ్చిందని స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చినా అదే దారి. నన్ను వెనక నుంచి రమ్మని ఎవరూ అనలేదు. ముందు కూర్చోవడానికి ఏమీ లేదు, అంతే.

తర్వాత మిర్యాలగూడలో మా అన్నా నేనూ కలిసి కొత్త ఇల్లు కట్టుకున్నాం. కాగితాల మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నేను పెళ్లి చేసుకోలేదు. అన్న, వదిన, నేను ఆ ఇంట్లో ఉంటాం. వాళ్ల కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అన్న ముందు తలుపుకు టేకు మీద నగిషీ చేయించాడు, మెట్లకు నల్ల గ్రానైటు వేయించాడు. వెనక నా కోసం సిమెంటు అరుగు కట్టించి, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ పెట్టించాడు. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్లందరినీ ఇంటి వెనక్కి తీసుకుపోయి, "మా చెల్లె కోసం స్పెషల్‌గ చేయించిన," అని చూపించాడు. వాళ్లు మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. మా అన్న చెడ్డ మనిషి కాదని ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే ఓపిక నాకు ఉండకపోవచ్చు.

ఒక జూన్ సాయంత్రం వానలో బడి నుంచి వచ్చాను. నా బడి వాడపల్లి దారిలో ఉంది. ఆటో నన్ను గేటు ముందు దింపింది. అక్కడి నుంచి ముందు తలుపుకు పది అడుగులు. వెనక తలుపుకు పోవాలంటే ప్రహరీకీ ఇంటి గోడకూ మధ్య సందులోంచి ఇల్లంతా చుట్టి రావాలి. ఆ సందులో పాకుడు పట్టి ఉంది. సగం దూరంలో జారి పడ్డాను. లాకు వేసిన కాలు బిర్రుగా చాచుకుపోయింది. లేవలేక వదినను పిలిచాను. వాన చప్పుడులో ఆమెకు వినపడలేదు. అన్న ఇంటికి వచ్చి నన్ను వెతుక్కునేదాకా ఆ నీళ్లలోనే కూర్చున్నాను.

అన్న లేపాడు. వదిన తల తుడిచింది, టీ పెట్టి ఇచ్చింది. "రేపే మనిషిని పిలిచి పాకుడు గీకిపిస్త," అన్నాడు అన్న. "గాడ ఒక లైటు గూడ పెట్టియ్యాలె," అంది వదిన. నేను టీ తాగుతూ ఎదురు చూశాను, ఇద్దరిలో ఒక్కరైనా ఇకనుంచి ముందు నుంచి రా అంటారేమోనని. అనలేదు. వాళ్లకు తట్టనే లేదు. నాకు ఒళ్లు మండింది.

"ముందట తలుపు పక్కన నాకు బెంచీ కావాలె," అన్నాను. "కింద అందరి చెప్పులకు గూళ్లు. ఒక కొసకు నా కాలిపర్ నిలబెట్టనీకి ఎత్తు గూడు."

"వెనకాల అంత చేయించిన గద. మళ్ల ముందటెందుకే?" అన్నాడు అన్న.

"నేను ముందటి నుంచి వస్త."

"రా. ఎవరద్దన్నరు?"

ఎవరూ వద్దనలేదు. దాంతోనే వచ్చింది తంటా అంతా. వద్దన్న మనిషి ఉంటే కొట్లాడొచ్చు.

ఆ వారమే వడ్రంగి మేస్త్రి వచ్చాడు. బెంచీ మీద కూర్చునేది నేను. అతను టేపు పట్టుకుని అడిగింది అన్నను. ఎంత పొడుగన్నా, ఏం కలరన్నా అని. ఎత్తు అసలు అడగనే లేదు. నేనే చెప్పాను, మామూలు కన్నా ఎత్తు కావాలని. కూర్చున్నప్పుడు లాకు వేసిన కాలు ముందుకు చాచి ఉంటుంది, లేవడానికి నాకున్నది కుడికాలు ఒక్కటే, తక్కువ ఎత్తు నుంచి అది నన్ను లేపలేదు.

"మేడం, బెంచంటేనే పద్దెనిమిది ఇంచులు. గంతకంటె ఎత్తు పెడితె సూడనీకి మంచిగుండది," అన్నాడు.

"కూసోనీకి మంచిగుంటది."

అతను అన్న వైపు చూసి నవ్వాడు. అన్న కూడా నవ్వాడు. చిన్న నవ్వే. కానీ ఇన్నేళ్లుగా నా తల మీదుగా నవ్వుకున్న నవ్వులన్నీ అంత చిన్నవే.

"నువ్వు పోవచ్చు," అన్నాను. "నేనే చేసుకుంట."

"మీరా? ఎప్పుడన్న రంపం పట్టిన్రా మేడం?"

"పట్టలే. నువ్వెప్పుడన్న కాలిపర్ ఏసుకున్నవా?"

మేస్త్రి టేపు మడిచి జేబులో వేసుకున్నాడు. అన్న వారం పాటు నన్ను "ఏం మేస్త్రీ" అని పిలిచాడు. పలికాను.

ఆగస్టులో ట్రైనింగ్ కోసం మూడు రోజులు కోదాడలో ఉన్నాను. ఒక సాయంత్రం హైవే పక్కన కనబడిన కట్టెల డిపోలోకి వెళ్లాను. యజమాని నెరిసిన మీసాల మనిషి. ఏం చేయించాలండి అని అడిగాడు. చేయించడం కాదు, నేనే చేస్తాను, బెంచీ అన్నాను. ఆయన నన్ను చూశాడు, నా కాలు చూశాడు, నవ్వలేదు.

"అయితే ముందు ఎత్తు తేల్చుకోవాలండి. రండి, ఇక్కడ కూర్చోండి," అని పలకల దొంతర ఒకటి చూపించాడు. పద్దెనిమిది అంగుళాలుంది. "ఇప్పుడు లేవండి."

లేవలేకపోయాను. ఆయన చెయ్యి అందించి లేపి, దొంతర మీద అరంగుళం పలక ఒకటి వేశాడు. మళ్లీ కూర్చోమన్నాడు. ఈసారీ లేవలేకపోయాను. ఇంకొకటి వేశాడు. డిపోలో కొనడానికి వచ్చినవాళ్లు ఆగి చూస్తున్నారు. ఆయన వాళ్లను పట్టించుకోలేదు. ఐదో పలక వేశాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాను. ఆయన టేపు పెట్టి చూసి, "ఇరవైన్నర. మీ బెంచీ ఇదండి," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సూర్యాపేటలో నా బూటు కుట్టే ముసలాయన ఒక్కడే అప్పటిదాకా నన్ను కొలిచి వస్తువు చేసినవాడు. మిగతా లోకమంతా వస్తువును చేసేసి నన్ను సర్దుకోమంది.

డిపో ఆయన ప్లైవుడ్ ముక్కలను నా కాగితం మీది కొలతలకు మెషీన్‌తో కోయించి, మిర్యాలగూడ వైపు పోయే బండిలో వేయించాడు. ఎక్కించేటప్పుడు, "చెక్క మందం లెక్కలో వేసుకున్నారా అండి? కొత్తవాళ్లందరూ అక్కడే దెబ్బతింటారు," అన్నాడు. వేసుకున్నానని ధీమాగా చెప్పాను. వేసుకోలేదని దసరా సెలవుల్లో తెలిసింది.

సెలవుల మొదటి రోజే ముందు వరండాలో చాప పరిచి కూర్చున్నాను. నేల మీద కూర్చుని చేసే పనుల్లో నేను ఎవరికీ తీసిపోను. డ్రిల్లు మెషీన్ కొత్తది, నేను అంతకన్నా కొత్త. మొదటి నాలుగు స్క్రూలు పక్కకు వంగి దిగాయి. వీధిలో పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి, "టీచరమ్మా, మేస్త్రి దొరకలేదా?" అని అడిగేవారు. "దొరికిండు. నచ్చలే," అనేదాన్ని. రెండో రోజు ఎత్తు గూడు బిగించి, మురిసిపోతూ కాలిపర్ తెచ్చి అందులో పెట్టబోతే బూటు దూరలేదు. చెక్క మందం. నా బుద్ధిని నేనే తిట్టుకుని స్క్రూలన్నీ విప్పాను. వదిన వంటింట్లోంచి వచ్చి పలక రెండో కొస పట్టుకుని కూర్చుంది. గంటసేపు పట్టుకుంది.

దసరా ముందు రోజుకు బెంచీ నిలబడింది. కింద నాలుగు గూళ్లు, కుడి కొసన తలుపు లేని ఎత్తు గూడు. ఉప్పు కాగితంతో రుద్ది వార్నిష్ వేశాను. వదినకు కొత్త వస్తువు కనబడితే చెయ్యి ఊరుకోదు. మర్నాడు పొద్దున్నే పసుపు రాసి నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టింది. పెట్టేశాక గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, బొట్టు వెట్టిన దాంట్ల చెప్పులెట్ల పెడతం?"

ఆ పూట ఇంటిల్లిపాదీ బెంచీ ముందు నేల మీదే చెప్పులు విడిచారు. నాకు నవ్వాగలేదు. "వదినా, అన్న బండి టైర్లకు ఇయ్యాల్ల బొట్టు పెడతవు గద. అవి యాడ యాడ తిరిగొస్తయో ఎప్పుడన్న అడిగినవా?" అన్నాను. వదిన ఆలోచించి, తన చెప్పులు తానే తీసి మొదటి గూట్లో పెట్టింది. నేను కుంకుమ గిన్నె తీసుకుని నా కాలిపర్‌కూ ఒక బొట్టు పెట్టాను. అది లేకపోతే నా బండి కదలదు కదా.

ఆ రోజు నుంచి ముందు తలుపులోంచి రావడం మొదలుపెట్టాను. మొదటి వారం, గడప దాటిన ప్రతిసారీ కావాలనే ఆగి, ఇటూ అటూ చూసి లోపలికి నడిచాను. పెద్ద జమీందారులా.

అన్నకు బెంచీతో పేచీ లేదు. ఎత్తు గూడుతో ఉంది. "దానికి ఒక తలుపు పెట్టు. వచ్చినోళ్లకు ఆ ఇనుము కనబడాల్నా?" అనేవాడు. వాళ్ల చెప్పులు నాకు కనబడటం లేదా అనేదాన్ని.

కార్తీకంలో అన్న కొడుక్కు సూర్యాపేట నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వస్తామన్నారు. ముందు రోజు అన్న నా గదిలోకి వచ్చి, మంచం చివర కూర్చున్నాడు.

"ఒక్క పూట. గా ఇనుపది తీసి నీ రూముల పెట్టు. నువ్వు గూడ బడి నుంచి వెనక దిక్కు నుంచి రా."

"ఎందుకు?"

"వంశంల ఉన్నదనుకుంటరే."

"పోలియో వంశంల రాదు."

"గది నాకు తెల్వదా? తర్వాత మెల్లగ చెప్తం. ముందుగాల్నె కనబడుడెందుకు?"

నేను బడి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాను. సరే అన్నాననుకున్నాడు.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఎత్తు గూడుకు వదిన పాత పట్టుచీర ముక్కతో పరదా కట్టి ఉంది. గేటు దగ్గర నిలబడి ఒకసారి సందు వైపు చూశాను. పాకుడు గీకించారు, లైటు పెట్టించారు, పోవడానికి ఏ ఇబ్బందీ లేదు. వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. పరదా విప్పి మడతపెట్టి పక్కన పెట్టాను. లాకు ఎత్తి, పట్టీలు తీసి, కాలిపర్‌ను గూట్లో నిలబెడుతుండగా కారు వచ్చి ఆగింది.

ఐదుగురు దిగారు. "రాండ్రి, చెప్పులు ఈ గూళ్లల్ల పెట్టుకోండ్రి," అన్నాను. అమ్మాయి తండ్రి వంగి చెప్పులు పెడుతూ ఇనుప కడ్డీలను చూశాడు. "ఇదేందమ్మా?"

"నాదే. నా కాలు."

"పుట్టుకతోనేనా?"

తలుపు దగ్గర నిలబడ్డ అన్న గబగబా అందుకున్నాడు. "కాదు కాదు, పోలియో. చిన్నప్పుడు జరమొచ్చి." నిజమే చెప్పాడు. నేనూ వెయ్యిసార్లు చెప్పిన జవాబే అది. కానీ ఆ రోజు అన్న గొంతులోంచి వింటే అది జవాబులా లేదు, క్షమాపణలా ఉంది. పుట్టుకతో వచ్చినవాళ్లు ఏ తప్పు చేశారని?

"పుట్టుకతో వచ్చినా ఈడనే పెట్టుకునేదాన్ని," అన్నాను. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, అందరికన్నా ముందు లోపలికి నడిచాను.

వాళ్లు టీ తాగారు, ఇల్లు బాగుందన్నారు, వెళ్లిపోయారు. నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. జాతకాలు కలవలేదట. నిజంగానే కలవలేదేమో, నాకు తెలియదు. బాధపడలేదని అనను. అన్న కొడుకు నేను ఎత్తుకున్న పిల్లాడు. అయినా ఆ పూట మళ్లీ వస్తే మళ్లీ ముందు నుంచే వస్తాను.

ఫోన్ వచ్చిన సాయంత్రం బడి నుంచి వచ్చి బూటు విప్పుకుంటుంటే అన్న బయటికి వచ్చాడు. నాలుగు రోజుల కోపం ముఖం నిండా ఉంది.

"ఒక్క పూట వెనక నుంచి వస్తే నీదేం పోయేదే?"

"నలభై ఏండ్లు వెనక నుంచే వచ్చిన అన్నా. ఏం పోయిందో ఒక్కనాడన్న అడిగినవా?"

అన్న వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"ఏం పోయింది? చెప్పు," అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాను. ఇంకా అయిపోలేదు.