జపాను ఆకాశంలో మా అత్త

మా అత్త పోయి ఈ రోజుకు పదహారు రోజులు. మంగళవారం పొద్దున, ప్రొద్దుటూరులో తన ఇంట్లోనే, తన మంచం మీదే కన్నుమూసింది. డెబ్బై రెండేళ్లు. మా నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. జమ్మలమడుగులో చాలా ఏళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. చావుకు వచ్చిన బంధువులు ఆమె ముక్కుసూటి మాట గురించి, ఆమె చేసే బొరుగుల ఉగ్గాని గురించి చెప్పుకున్నారు. గత ఆరేళ్లుగా ఆమె సాయంత్రాలు ఏం చేసేదో వాళ్లలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందికి చెప్పడానికి మొహమాటం. అందుకని నేను చెబుతున్నాను. మా అత్త విమానాలు నడిపేది.

నిజం విమానాలు కాదు, కంప్యూటర్లో. నాకు ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. మోకాలి ఆపరేషన్ అయ్యి ఆమె కొన్ని వారాలు కదలకూడదన్నప్పుడు, పొద్దుపోతుందని ఒక పాత కంప్యూటరు, విమానం నడిపే ఆట, జాయ్‌స్టిక్, హెడ్‌ఫోన్ తీసుకెళ్లి పెట్టాను. జాయ్‌స్టిక్‌ను ఆమె చూడనైనా లేదు. హెడ్‌ఫోన్ తీసి తలకు తగిలించుకుని, మైకును పెదవికి రెండు వేళ్ల దూరంలో సర్దుకుంది.

"దీంట్లో అవతల ఎవురన్నా మాట్లాడతారా?" అని అడిగింది.

మాట్లాడతారు. ఆమెను పట్టేసింది అదే. ఇంటర్నెట్‌లో ఈ ఆట ఆడేవాళ్లలో కొందరు విమానం నడుపుతారు. కొందరు ఇంట్లోనే కూర్చుని, కంట్రోల్ టవర్‌లో ఉన్నట్టు వాళ్లకు దారి చెబుతారు. ఎవరికీ జీతం లేదు గానీ నియమాలు మాత్రం గట్టివి. కంట్రోలర్ చెప్పిన మాటను పైలట్ తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే కదలాలి. మనకు సాయంత్రం నాలుగైతే జపానులో పనులు ముగించుకుని ఇల్లు చేరిన కంట్రోలర్లు కూర్చునే వేళ. అత్త చీకటి పడితే నిద్రకు ఆగలేని మనిషి. ఆమె జపాను ఎంచుకోవడానికి ఇంతకు మించిన కారణం లేదు.

మొదటిరోజే పొరపాటు జరిగింది. ఉత్తర జపానులో ఒక చిన్న విమానాశ్రయం. అక్కడి కంట్రోలర్ మాట్లాడే ఇంగ్లీషు ఆమెకు అందలేదు, ఆమెది ఆయనకు అందలేదు. ఆయన ఆగమన్నాడు. ఈమె "యెస్, యెస్" అంటూ రన్‌వే మీదికి పోయింది. దిగబోతున్న విమానం ఒకటి మళ్లీ పైకి లేవాల్సి వచ్చింది. ఐదు నిమిషాల్లో ఆమెను ఆ రోజుకు ఆట నుంచి బయటికి పంపేశారు.

"ఆటే గదత్తా, పోనీలే" అన్నాను.

ఆమె కలిపిన అన్నం అలాగే పెట్టుకుని కూర్చుంది. అప్పుడు చెప్పింది, నాకు అంతవరకూ తెలియని సంగతి.

"జమ్మలమడుగుకు రాకముందు, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో. వాన పడతాంది, లైన్లో అంతా గరగర. ఒకామె, మా ఆయనకు బాగలేదు, నా కొడుక్కు చెప్పండమ్మా అనింది. ఊరు మైదుకూరని చెప్పింది. నాకు ముద్దనూరని ఇనపడింది. ఇంగోసారి అడిగితే ఇసుక్కుంటాదేమోనని సరే సరే అన్యా. ముద్దనూరులో ఎతికించినా, అట్లాటి మనిషే లేడన్యారు. నిజం తెల్సేపాటికి రెండు దినాలయింది. ఆ పిల్లోడు వచ్చేసరికి కట్టె కాలిపోయింది."

"ఆమె నిన్నేమన్నా అనిందా?"

"ఏమీ అన్లేదు. అనింటే బాగుండు." కంచం పక్కకు జరిపి, "అర్తం కాకుండా ఊఁ అనగూడదురా" అనింది. చెయ్యి కడుక్కుంది.

మరుసటి రోజు నుంచి మూడు వారాలు ఆమె విమానం ఎక్కడికీ పోలేదు. ఆ చిన్న విమానాశ్రయంలోనే ఒక మూల నిలబెట్టి, ఇంజను కూడా వేయకుండా, ఊరికే వినింది. విన్నవన్నీ తెలుగులో నోటుబుక్కులో రాసుకుంది. ఒక పేజీలో "రైతో అంటే కుడి, రెఫుతో అంటే ఎడమ" అని ఉంది. ఆ కంట్రోలర్ రైటు, లెఫ్టు పలికే తీరు అది. చదివి నవ్వాను.

"నవ్వొద్దు. మన జీరోను ఆయప్ప ఏమనుకుంటాండాడో" అనింది.

మూడు వారాల తర్వాత అనుమతి అడిగి ఎగిరింది. అర్థం కాకపోతే "సే అగైన్" అనేది, అంటే మళ్లీ చెప్పమని. పదిసార్లు అడగాల్సి వచ్చినా జంకేది కాదు. కొన్నాళ్లకు ఆ కంట్రోలర్ కూడా ఆమెను అలాగే అడగడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆమె మాట అందకపోతే ఆయన ఊరుకునేవాడు. ఆయనకూ ఇంగ్లీషు రాదని, కంఠస్థం చేసిన వాక్యాలు దాటితే నోరు పెగలదని అప్పుడు తెలిసింది. రైల్వే స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషట. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. వాతావరణం, దిక్కు, ఎత్తు తప్ప వాళ్లు మాట్లాడుకున్నది దాదాపు ఏమీ లేదు.

ఒకరోజు నేను కీబోర్డ్ మార్చడానికి వెళ్లినప్పుడు ఆమె పొగమంచులో చిక్కుకుని ఉంది, ఆయన గొంతు స్పీకర్లో నాకూ వినబడుతోంది. తిరిగి తిరిగి ఇంధనం అయిపోవచ్చింది. "ఫ్యూయల్ ఫినిష్" అని చెప్పింది. ఆయన కంఠస్థం చేసిన వాటిలో ఈ మాట లేనట్టుంది. కంగారుగా జపానీ భాషలో మొదలుపెట్టాడు. అత్త తెలుగులోకి దిగింది.

"పెట్రోలు అయిపోయిందప్పా. యాడ దించాల? అంకెలు చెప్పు, అంకెలు. వన్, టూ, త్రీ."

ఆయన జపానీ ఆపి, నెమ్మదిగా "టూ సెవెన్ జీరో" అన్నాడు, అంటే పడమరకు తిరగమని. ఆ పైన అన్నీ అంకెలే. ఆమె ఒక్కొక్కటీ తిరిగి చెబుతూ పోయింది. చక్రాలు రన్‌వేను తాకాక ఇంజను ఆగిపోయింది. ఆయన జపానీలో ఏదో పొడుగ్గా చెప్పాడు.

"ఏమన్నాడత్తా?"

"నాకేం తెల్సు. గాని భయపడినట్టుండాడు, పాపం."

పులివెందులలో ఒక పెళ్లిలో మా బాబాయి వరస ఆయన అందరి ముందు, "అక్కయ్య ఇమానం తోలుతాందంట" అని ఎగతాళి చేశాడు. "ఔను. నువ్వింగా ఆటోకు చెయ్యెత్తుతానే ఉండావు" అనింది అత్త. నిజం విమానం ఎక్కిస్తాను, కడప నుంచి హైదరాబాదుకు పోదామని నేను చాలాసార్లు అడిగాను. "దాన్ని తోలేది ఇంగొకడు గదా. నేను ఉట్టిగా కూచోని ఏం చేయాల?" అనేది.

పోయినేడు కడుపునొప్పి మొదలైంది. పరీక్షలన్నీ అయ్యాక కడపలో పెద్ద డాక్టరు ఇంగ్లీషూ తెలుగూ కలిపి చాలాసేపు చెప్పాడు. నేను తల ఊపుతూ విన్నాను.

"నీకర్తమాయనా?" అని అత్త నన్ను అడిగింది.

"ఆఁ."

"ఏం జెప్పినాడో మల్లా జెప్పు."

ఆపరేషన్ చేస్తే తగ్గిపోతుందన్నాడని చెప్పాను. ఆమె డాక్టరు వైపు తిరిగింది. "అయ్యా, ఈడు చెప్పింది సరేనా?"

ఆయన పెన్ను కింద పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆపరేషన్ నొప్పి తగ్గడానికేనని, జబ్బు తగ్గదని, కొన్ని నెలలే గడువుందని ఈసారి తెలుగులో చెప్పాడు.

"నొప్పికి. జబ్బుకు కాదు. కొన్ని నెలలు" అనింది అత్త.

"అవునమ్మా."

"అట్లయితే ఆపరేషనొద్దు. ఇంటికి పోతా."

దారిలో నేను ఏడ్చాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, ఎర్రగుంట్ల దాటేదాకా తీయలేదు. నేను ఊపిన తలకాయను నమ్మి ఉంటే ఆమె చివరి నెలలు ఆసుపత్రిలోనే గడిచి ఉండేవి. ఇంట్లో ఉండి, ఇంకో రెండు వారాల్లో పోతుందనగా కూడా సాయంత్రం గంటసేపు ఎగిరింది.

ఆమె పోయిన నాలుగో రోజు ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి మనసొప్పలేదు. ఆ జపాను కంట్రోలర్‌కు ఇంగ్లీషులో, చిన్నచిన్న మాటల్లో టైపు చేశాను. నేను మేనల్లుణ్ణి. మా అత్త మంగళవారం చనిపోయింది.

"సే అగైన్" అని వచ్చింది.

అర్థం కాక అడిగాడో, అర్థమయ్యే అడిగాడో నాకు తెలియదు. మళ్లీ టైపు చేశాను. తర్వాత, డిక్షనరీ చూసి కూర్చినట్టున్న ముక్కల్లో, ఆమె ఊరేది, దగ్గర్లో విమానాశ్రయం ఏదని అడిగాడు. చెప్పాను. ఆదివారం, ఒక టైము రాశాడు.

ఆదివారం సాయంత్రం చూస్తే, ఎప్పుడూ దారి చెప్పడమే తప్ప ఎగరని మనిషి, కడప విమానాశ్రయంలో ఒక చిన్న విమానంతో ఉన్నాడు. అక్కడ ఆ వేళ కంట్రోలర్ ఎవరూ లేరు. అయినా ఆయన బయలుదేరుతున్నానని చెప్పి బయలుదేరాడు. నేను స్పీకరు వేసి, ఆ విమానాన్ని తెర మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఆ ఆటలో ప్రొద్దుటూరంటే బంగారు అంగళ్లు లేవు, బజారు లేదు, బూడిదరంగు డబ్బాలు కొన్ని. పెన్నేరు మాత్రం ఇసుక లేకుండా ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నీలంగా నిండుగా ఉంది. ఆయన ఊరి పేరు కూడబలుక్కుంటూ, "పురోదాతూరు" అని ఎవరూ లేని ఆ లైన్లో చెప్పి, మలుపు తిరిగాడు. ఇంకోసారి చెప్పి, ఇంకో మలుపు తిరిగాడు. కింద విమానం నీడ నీళ్ల మీద సాగి, ఒడ్డెక్కి, డబ్బాల మీదుగా పోయి, మళ్లీ నీళ్ల మీదికి వచ్చింది.